ఎలివేషన్ సరే, దండెం ఎక్కడ?

మా అపార్ట్‌మెంటు కూల్చి కొత్తది కట్టబోతున్నారు. సత్యనారాయణపురంలో ముప్పై ఏళ్లు దాటిన బిల్డింగు. పిల్లర్ల పెచ్చులూడి లోపలి ఇనుము కనబడుతోంది. వానాకాలంలో పై అంతస్తువాళ్లు హాల్లో బకెట్లు పెట్టుకుంటున్నారు. లక్షలు పోసి రిపేర్లు చేయించేకంటే బిల్డర్‌కి ఇచ్చేసి, కట్టినన్నాళ్లూ అద్దె తీసుకుని, పాతదానికంటే కాస్త పెద్ద ఫ్లాటు పుచ్చుకోవడం మేలని ఎక్కువమంది తేల్చారు. బెజవాడలో ఇప్పుడు వీధికో బిల్డింగుది ఇదే కథ కాబట్టి ఆ లెక్కల జోలికి పోను. నేను రాద్దామనుకున్నది బిల్డర్‌తో జరిగిన మొదటి మీటింగు గురించి.

సెల్లార్లో కుర్చీలు వేశారు. టీవీ పెట్టి బొమ్మ చూపించారు. సాయంత్రపు వెలుగులో తళతళలాడే బిల్డింగు, దాని ముందు కుక్కను తిప్పుతున్న ఎవరో తెల్లవాళ్లు. బిల్డర్ మర్యాదస్తుడే. “బిల్డింగ్ మీది సార్. మీకేం కావాలో చెప్పండి, మీరెలా అంటే అలా కడతాం” అన్నాడు. ఇంకేం, అందరం మొదలుపెట్టాం. రంగు బూడిదా, గోధుమా. బాల్కనీకి గాజు పలకలా, స్టీలు కడ్డీలా. పేరు చివర ‘రెసిడెన్సీ’ ఉండాలా, ‘హైట్స్’ ఉండాలా. జిమ్ కావాలని కొందరు, జిమ్ ఎందుకండీ దండగ, పార్టీ హాలు పెట్టండని కొందరు. కాఫీలు వచ్చే వేళకి నేను ఉండబట్టలేక, “బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలండీ?” అని అడిగాను. నవ్వులు లేచాయి. “ఇప్పుడు అందరూ డ్రయర్లే కదా మేడం” అన్నాడు బిల్డర్. మా సెక్రటరీ గారు, “అవన్నీ చిన్న చిన్న విషయాలమ్మా, తర్వాత చూసుకుందాం” అన్నారు.

ఆ ‘తర్వాత’ వచ్చేది శ్లాబు పడ్డాకే. అప్పటికి చూసుకోవడానికేం మిగలదు.

ఇంట్లో ఉండబోయేవాళ్లను ముందే అడగాలి అనే మాటను ఎవరూ కాదనరు. మా బిల్డరూ అడిగాడు కదా. కానీ ఏం కావాలని అడిగితే అడిగినట్టు కాదని నా వాదన. ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో అడగాలి. గీసినదాన్ని టీవీలో కాక నేల మీద, అసలు కొలతల్లో చూపించాలి. అదీ ఇంకా మార్చడానికి వీలున్న రోజుల్లో. ఇవేవీ లేకుండా అడిగితే మినిట్స్ బుక్కులో సంతకాలు మిగులుతాయి, అంతే.

గేటు గురించి అడిగిన అబ్బాయి

పోయిన వేసవిలో మా రెండో అంతస్తు బాబాయిగారికి అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది. అంబులెన్సు త్వరగానే వచ్చింది. లిఫ్టు నలుగురు పట్టేది, స్ట్రెచర్ అందులో పట్టదు. నిలబెట్టి తీసుకెళ్లే పరిస్థితి కాదు. చివరికి డైనింగ్ టేబుల్ దగ్గరి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలుతో నడుము కట్టి, నలుగురు పట్టుకుని మెట్ల మీదుగా దింపారు. మెట్ల మలుపు దగ్గర కుర్చీ తిరగలేదు. ఒక పక్కకి వంచాల్సి వచ్చింది. ఆయన ఒక చేత్తో గోడ పట్టుకునే ప్రయత్నం చేశారు. ఆయన తిరిగొచ్చింది ఫ్రీజర్ బాక్సులో. అది కూడా పైకి ఎక్కలేదు. కార్లు బయట పెట్టించి సెల్లార్లోనే ఉంచారు. వచ్చినవాళ్లంతా టూవీలర్ల మధ్య నిలబడి దండం పెట్టుకుని వెళ్లారు.

మొన్నటి మీటింగులో గేటు డిజైను గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఆ బాబాయిగారి అబ్బాయే. లిఫ్టు సైజు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. నేను తప్పుపట్టడం లేదు. అలాంటి రాత్రి చూసినవాడికి కూడా టీవీలో మెరిసే బొమ్మ చూపించి “ఏం కావాలి” అంటే గేటే గుర్తొస్తుంది. పక్క వీధిలో చూసింది, చుట్టాల ఫ్లాటులో చూసింది చెబుతాం. అదే, “మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కిందికి ఎలా తీసుకెళ్లారు?” అని అడిగి ఉంటే ఆ అబ్బాయి జవాబు వేరుగా ఉండేది. కోరిక అడిగితే కేటలాగు బయటికొస్తుంది. జరిగింది అడిగితే ఇల్లు బయటికొస్తుంది.

అమరావతిలో అసెంబ్లీ భవనానికి బ్రిటన్ ఆర్కిటెక్టు నార్మన్ ఫోస్టర్ సంస్థ ఇచ్చిన డిజైన్లను 2017 డిసెంబరులో ఆన్‌లైన్‌లో పెట్టి జనాభిప్రాయం అడిగారు, గుర్తుందా? చతురస్రమా, ఆకాశంలోకి పొడుచుకెళ్లే టవరా అని మా స్కూలు స్టాఫ్ రూములో కూడా వాదించుకున్నాం. ఆ భవనంలో రోజంతా గడిపే గుమాస్తాలు, మార్షల్స్, ఫైళ్లు మోసేవాళ్లు, గ్యాలరీలో గంటలు కూర్చునే విలేకరులు ఏమంటారన్నది మా వాదనలో ఎక్కడా రాలేదు. అది బయటినుంచి చూసేవాళ్ల ఓటు. నేను మాట్లాడుతున్నది లోపల ఉండేవాళ్ల గురించి.

సిద్ధాంతి గారి మాట చెల్లుతుంది

మనవాళ్లకు ప్లానులో నోరు పెట్టే అలవాటు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాస్తు ఏమిటి మరి? ఆగ్నేయంలో వంటగది లేకపోతే ఇంటావిడ గడప తొక్కదు. ఈశాన్యంలో మరుగుదొడ్డి గీసిన ఇంజనీరు ఆ వీధిలో మళ్లీ కనబడడు. ఎంత పెద్ద బిల్డరైనా సిద్ధాంతి గారు తల అడ్డంగా ఊపితే ప్లాను వెనక్కి పట్టుకెళ్తాడు. చదువూ డబ్బూ లేని మనిషి కూడా ఇంజనీరుతో సమానంగా నిలబడి “ఇది ఇక్కడ కాదు, అక్కడ” అనగలిగే ఏకైక భాష మనకు వాస్తే.

మా పిన్ని ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది. సింగ్‌నగర్‌లో ఇల్లు కట్టుకునేటప్పుడు వంటగదికి వీధివైపు కిటికీ కావాలంది. వంట చేస్తూ గేటు దగ్గరికి ఎవరొచ్చారో చూడాలని ఆవిడ ఉద్దేశం. అక్కడ కిటికీ పెడితే ఎలివేషన్, అంటే ముందునుంచి కనబడే అందం, పాడవుతుందన్నాడు ఇంజనీరు. బాబాయి కూడా అటే మొగ్గాడు. పిన్ని మారు మాట్లాడలేదు. ముగ్గు పోసే రోజున సిద్ధాంతి గారికి పళ్లెంలో తాంబూలంతో పాటు తన బాధ కూడా పెట్టింది. ఆయన కాసేపు లెక్కలు వేసి, వంటగదికి తూర్పు వెలుతురు తప్పనిసరి అన్నాడు. వీధి తూర్పునే ఉంది. కిటికీ వచ్చింది. ఇప్పటికీ పిన్ని అక్కడినుంచే పోస్ట్‌మన్‌తో మాట్లాడుతుంది.

మోకాళ్ల నొప్పి చెబితే వినని ఇంజనీరు దోషం అంటే వింటాడు. అందుకే తెలివైన ఆడవాళ్లు తమ అవసరాలన్నీ దోషాలుగా మార్చి చెబుతుంటారు. ఇందులో నవ్వు ఎంత ఉందో సిగ్గుపడాల్సింది కూడా అంతే ఉంది. పైగా అన్ని అవసరాలకూ వాస్తు దొరకదు. లిఫ్టులో స్ట్రెచర్ పట్టాలని ఏ సిద్ధాంతీ చెప్పగా వినలేదు.

తోపుడు బండి మూడో అంతస్తు ఎక్కదు

మా ఇంట్లో పనిచేసే ఆమె వాళ్లది ఒకప్పుడు కాలువ గట్టు. గట్ల మీది గుడిసెలు తీసేసినప్పుడు చాలామందికి ఇచ్చినట్టే వాళ్లకూ జక్కంపూడిలో ఫ్లాటు ఇచ్చారు. పక్కా ఇల్లు, లోపలే బాత్రూము, పట్టా ఆమె పేరు మీదే. ఆ విలువ ఆమెకు తెలుసు, తీసిపారేయదు. చిక్కల్లా ఆమె భర్తది ఇడ్లీ బండి. లాటరీలో వచ్చింది మూడో అంతస్తు. బండి కింద మెట్ల దగ్గర గొలుసేసి కట్టేవాడు. ఒక రాత్రి చక్రం పోయింది, ఇంకో రాత్రి స్టవ్వు. పిండి రుబ్బి, గిన్నెలు మూడంతస్తులు దింపి, తెల్లవారుజామున ఊళ్లోకి తోసుకుంటూ రావడం. కొన్నాళ్లకు ఫ్లాటు అద్దెకిచ్చి, మళ్లీ ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆ కాలనీ గీసేటప్పుడు “మీరు ఏం పని చేసి బతుకుతారు?” అని ఒక్కరు అడిగి ఉంటే కింద బండ్లకు ఒక రేకుల షెడ్డయినా వచ్చేదేమో.

ఆ తర్వాత ప్రభుత్వం పట్టణ పేదలకు కట్టించిన టిడ్కో ఇళ్లు ఇంకా గట్టివి. 300, 365, 430 చదరపు అడుగులు, మూడు రకాలు. గోడలూ శ్లాబూ అల్యూమినియం ఫారాలలో ఒకేసారి కాంక్రీటు పోసే షేర్‌వాల్ పద్ధతి. వేల ఇళ్లు త్వరగా లేపాలంటే అది సులువైన దారే. కానీ ఆ గోడలో గూడు తవ్వలేం, కిటికీ పెద్దది చేయలేం, రెండు గదులు ఒకటి చేసుకోలేం. రోహిణి కార్తెలో పడమటి గోడ పగలంతా తాగిన ఎండను రాత్రి మంచం మీదికి కక్కుతుంటే ఇటుక గోడ ఉన్నవాడైతే వెంటిలేటర్ అయినా కొట్టించుకుంటాడు. ముందు అడగలేకపోతే పోనీ, తర్వాత మార్చుకునే వీలైనా వదలాలి కదా. రెండూ లేని ఇల్లు ఎంత గట్టిదైతే ఉన్నవాడికి అంత కష్టం.

వేరేచోట్ల దీన్ని ఎలా చేశారో చూస్తే కుళ్లొస్తుంది. చిలీలోని ఇకికే అనే ఊరి నడిబొడ్డున ముప్పై ఏళ్లుగా గుడిసెలు వేసుకున్న వంద దాకా కుటుంబాలను ఖాళీ చేయించి ఊరవతలికి తోసేయకుండా, అక్కడే ఇళ్లు కట్టే పని ఆర్కిటెక్టు అలెహాంద్రో అరవేనా బృందానికి వచ్చింది. భూమితో సహా ఇంటికి 7,500 డాలర్లే సబ్సిడీ. ఎత్తు బిల్డింగులు కడతామంటే నిరాహార దీక్ష చేస్తామని ఆ కుటుంబాలు బెదిరించాయి. అందుకని సగం ఇల్లు కట్టారు. బాత్రూము, వంటగది, మెట్లు, పైకప్పు లాంటి కష్టమైన భాగం ప్రభుత్వ డబ్బుతో. పక్కన అంతే ఖాళీ, చేతికి డబ్బొచ్చినప్పుడు నింపుకోవడానికి. 2004 ప్రాంతంలో అవి పూర్తయ్యాయి. ఏ సగం ముందు కావాలన్నది ఆ కుటుంబాలతో కూర్చుని తేల్చుకున్న సంగతి. 2016లో అరవేనాకు ఆర్కిటెక్టుల్లో అతిపెద్దదనే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

అంతదూరం ఎందుకు, ఇందోర్ పక్కన అరణ్య అనే కాలనీ ఉంది. ఆర్కిటెక్టు బి.వి. దోషీ అక్కడ ఇళ్లు కట్టి తాళాలు ఇవ్వలేదు. పేదవాళ్లకు పునాది, నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి ఉన్న స్థలం ఇచ్చి, ఇలా కూడా కట్టుకోవచ్చని చూపడానికి 80 నమూనా ఇళ్లు కట్టించాడు. తక్కినది ఎవరికి చేతనైనట్టు వాళ్లు. 2001 భూకంపం తర్వాత కచ్‌లో డబ్బు విడతలవారీగా ఇచ్చి, ఇంజనీర్ల సలహా పెట్టి, చాలా ఇళ్లను యజమానుల చేతనే కట్టించారు. భూకంపానికి తట్టుకోవాలన్న నియమం మాత్రం ఎవరికీ సడలించలేదు. వదిలేయడం వేరు, వదలాల్సింది వదిలి పట్టుకోవాల్సింది పట్టుకోవడం వేరు.

మా టీచర్ల వృత్తిలోనే ఒక చిన్న ఉదాహరణ. సర్కారు బడులు బాగుచేయడానికి 2019 నవంబరులో మొదలైన నాడు–నేడులో తల్లిదండ్రుల కమిటీలకు పనులు అప్పజెప్పారు. మొదటి విడతలోనే 15,715 బడులు. ఏమేం చేయాలన్న జాబితా పైనుంచే వచ్చింది, కమిటీ చేతిలో ఉన్నది చేయించడం. అయినా మా బళ్లో కమిటీలోని ఒక తల్లి చేతులు కడిగే కుళాయిల వరస దగ్గర నిలబడి, ఒకటో తరగతి చదువుతున్న తన పిల్లను పిలిచి, “అందుకో” అంది. అందలేదు. మేస్త్రి గొణుక్కుంటూనే సగం వరసను కిందికి దింపాడు. డిగ్రీలున్న మేమెవరమూ అది గమనించలేదు.

అందరినీ అడుగుతూ కూర్చుంటే

ఇదంతా విని మా తమ్ముడు ఒక మాటన్నాడు. వాడు సివిల్ ఇంజనీరు. “అక్కా, పన్నెండు ఇళ్లవాళ్లను అడిగితే పదమూడు ప్లాన్లు వస్తాయి. నలుగురూ కలిసి గీసిన ఇల్లు ఎవరికీ పనికిరాదు. నాలుగేళ్లకు సగంమంది అమ్ముకుని పోతారు. నువ్వు ఎవరి మోకాళ్ల కోసం మెట్లు తగ్గించావో ఆవిడ ఉండదు.” తీసిపారేయలేని మాట.

ముగ్గు పోసే సంగతి ఎత్తాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1976లో మెక్సికోలోని మెక్సికాలిలో క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్టు సరిగ్గా నేను కోరుతున్న పనే చేశాడు. ఒక్కో కుటుంబం స్థలంలోకి దిగి మేకులు పాతి, తాళ్లు కట్టి తమ గదులు తామే గీసుకుంది. ముప్పై ఇళ్లు అనుకున్నవి అయిదుతో ఆగిపోయాయి. ప్రభుత్వం చేతులెత్తేసింది. ఉన్నవాళ్లకు తమ ఇళ్లంటే ఇష్టం నిలిచింది గానీ, అందరూ కలిసి వాడుకోవాల్సిన స్థలం అనుకున్నట్టు నిలవలేదట. అంటే తన గది గురించి మనిషికి బాగానే తెలుసు. ఉమ్మడి వాకిలి గురించి తెలుస్తుందని నమ్మకం లేదు. మా అసోసియేషన్ మీటింగులు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు.

ఇంకొక సందేహం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. ఉండేవాళ్లకు తెలియనివి ఉంటాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు పిన్ని వాళ్లు మేడ మీదికి ఎక్కి కూర్చున్నారు. సిద్ధాంతి గారు ఈశాన్యాన, ఇంటి పల్లంలో పెట్టించిన సంపులోకే మురుగునీళ్లు ముందు దిగాయి. 2005లో కూడా బుడమేరు ఊరి మీదికి వచ్చింది. కానీ తర్వాత స్థలం కొన్నవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు? కట్టేముందు ఆ వీధిలో ఎంతమందిని అడిగినా కిటికీలు, పూజగది గురించే చెప్పి ఉండేవాళ్లు. నీళ్లు ఏ మట్టానికి వస్తాయో చెప్పాల్సింది కాలువల లెక్కలు చేతిలో ఉన్నవాళ్లు. ఇల్లు ఎక్కడ కట్టాలి, బేస్‌మట్టం ఎంత లేపాలి, ఇనుము ఎంత వేయాలి అనేవి ఓటు వేసి తేల్చేవి కావు.

అందుకని నా కోరికను కొంచెం కుదించుకున్నాను. ఒరిగే గోడ, మునిగే నేల, అంటుకునే మంట, వీటి విషయంలో నిపుణుడి మాటే చెల్లాలి. తలుపు ఎటు తెరుచుకోవాలి, అంట్లు ఎక్కడ తోమాలి, సిలిండరు ఎటునుంచి రావాలి, ముసలివాళ్లు రాత్రి బాత్రూముకు ఎలా నడవాలి అనేవాటిలో ఉండేవాళ్ల మాట చెల్లాలి. తమ్ముడన్న “అమ్ముకుని పోతారు” అనేదానికీ ఇందులోనే కొంత జవాబుంది. ఆవిడ కోసం వెడల్పు చేసిన తలుపు తర్వాత వచ్చేవాడికి అడ్డం కాదు. మోకాళ్లు అందరికీ అరుగుతాయి.

చట్టం ఏమైనా సాయం చేస్తుందా అని చూశాను. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం మంజూరైన ప్లానును పెద్దగా మార్చాలంటే ఫ్లాట్లు తీసుకున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మంచి రక్షణే. కానీ అది గీసేసిన ప్లానుకు కాపలా. గీసే బల్ల దగ్గర మనకు కుర్చీ వేయదు.

మామూలు అపార్ట్‌మెంటులో ఆ కుర్చీ వేయమనడం కూడా కష్టమే. కొనేవాళ్లెవరో కట్టేటప్పటికి తెలియదు. పాతది కూల్చి కట్టేచోట మాత్రం ఆ సాకు లేదు. ఎవరుండబోతున్నారో పేర్లతో సహా తెలుసు. పైగా వాళ్లు అదే స్థలంలో ముప్పై ఏళ్లున్నారు. గాలి ఎటునుంచి వస్తుందో, మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడుతుందో, వాన పడితే గేటు ముందు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో వాళ్లకు తెలిసినట్టు ఏ ఆర్కిటెక్టుకీ తెలియదు. ఇంత తెలిసిన జనాన్ని కూర్చోబెట్టి గేటు రంగు అడగడం నాకు మింగుడుపడలేదు.

మేడ మీద ముగ్గు

కొత్త ఫ్లాటును అసలు కొలతల్లో గీసి చూద్దామంటే ఎక్కడ? పాత బిల్డింగు ఇంకా నిలబడే ఉంది. దాని మేడే ఉందిగా, అంది మా మూడో అంతస్తు మామ్మగారి కోడలు. ఒక ఆదివారం ఎండ తగ్గాక ప్లాను జిరాక్సు, టేపు పట్టుకుని పైకెక్కాం. సుద్దముక్కలు నాచు పట్టిన శ్లాబు మీద పడటం లేదు. వాచ్‌మన్ భార్య కిందికెళ్లి ముగ్గు డబ్బా తెచ్చింది. ఇద్దరం టేపు లాగి పట్టుకుంటే ఆమె ఆ వెంటే వేళ్ల సందులోంచి ముగ్గు వదులుతూ నడిచింది. దారం పట్టినట్టు తిన్నగా వచ్చింది గీత. తలుపులున్నచోట ఆపి వదిలేసింది. ఒక గదిలో నవారు మంచం వేశాం, ఇంకోచోట వాషింగ్ మెషిన్ బదులు అట్టపెట్టె పెట్టాం.

బొమ్మలో మాస్టర్ బెడ్రూము హుందాగా కనబడింది. ముగ్గులో మంచం వేశాక బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. మామ్మగారు వాకర్‌తో మంచం దగ్గరినుంచి బాత్రూముకు నడిచి చూపించారు. రెండున్నర అడుగుల తలుపు. ద్వారబంధం మందం పోను మిగిలిన సందులోంచి వాకర్ నేరుగా అయితే దూరుతుంది. కానీ ఆవిడ పక్కనుంచి వస్తారు, అక్కడ తిరగడానికి చోటు లేదు. “ఇక్కడ పడతానే నేను” అన్నారు తాపీగా, వాకర్ కాలితో ముగ్గు చెరుపుతూ. మా పనామె వాష్ ఏరియాలో గొంతుక్కూర్చుని చూసింది. పీట వేసుకుని అంట్లు ముందు పెట్టుకుంటే ఆమె వీపు వంటగది తలుపుకు ఆనింది. నీళ్లు ఎటు వాలతాయని అడిగింది. ప్లానులో ఎటూ వాలవు, అక్కడ గడప లేదు. “అయితే వంటింట్లోకే” అని లేచింది.

తర్వాతి వారం బిల్డర్ తరఫు ఇంజనీరు అదే ముగ్గులో నిలబడ్డాడు. కుర్రాడు, ఓపిగ్గా విన్నాడు. పిల్లర్లు కదపలేనన్నాడు. కింది నుంచి పై దాకా బాత్రూములన్నీ ఒకే వరసలో రావాలి కాబట్టి గొట్టాలు దిగే డక్టు కదపలేనన్నాడు. నిజమే. బాత్రూము తలుపులు మూడడుగులు చేస్తానన్నాడు. బాల్కనీలోంచి అడుగున్నర కోసి వాష్ ఏరియాకు కలిపాడు, గడప పెట్టాడు. స్ట్రెచర్ పట్టే లిఫ్టు అంటే గుంట లోతు పెరిగి ప్రతి అంతస్తులోనూ కారిడార్ తగ్గుతుందన్నాడు. ఖర్చులో సగం మేం పెట్టుకుంటే ఆలోచిస్తానని బిల్డర్ కబురు. దాని మీద బేరం నడుస్తోంది. మాస్టర్ బెడ్రూములో బీరువా సంగతి తేలలేదు. బహుశా చిన్న బీరువా కొనుక్కోవాలి.

ఓనర్లు, ఉండేవాళ్లు

అసలు చిక్కు ఇక్కడుంది. మా పన్నెండు ఫ్లాట్లలో అయిదింటిలో అద్దెకుంటున్నారు. వాళ్లెవర్నీ మీటింగుకు పిలవలేదు. మేడ మీదికి వాళ్లంతట వాళ్లే వచ్చారు. అందులో ఒకావిడ వరదల తర్వాత సింగ్‌నగర్ వదిలి వచ్చింది. ప్లాను తిప్పి చూసి, “మీటర్ల బోర్డు కింద ఎక్కడ పెడుతున్నారండీ?” అని అడిగింది. వాళ్ల పాత బిల్డింగులో సెల్లార్లో నడుమెత్తున ఉందట. నీళ్లు తీశాక కూడా అది ఆరి, బాగయ్యేదాకా కరెంటు లేదట, మోటారు లేదు, పైన ట్యాంకులో నీళ్లు లేవు. ఆ రోజు మేమందరం కలిసి చెప్పినదాంట్లో అంత పనికొచ్చే మాట ఇంకోటి లేదు. బోర్డు తలెత్తు పైన గట్టు మీదికి మారింది.

“అద్దెకున్నవాళ్లకు ప్లానుతో ఏం పనమ్మా, ఇవాళుంటారు, రేపు పోతారు” అంటారు సెక్రటరీ గారు. నేనడిగేది, డల్లాస్‌లో ఉండి వాట్సాప్‌లో బాల్కనీ పెద్దది చేయమంటున్న ఓనరు గారు ఈ బిల్డింగులో చివరిసారి ఎప్పుడు పడుకున్నారని. డబ్బు పెట్టినవాడి హక్కు నేను కాదనను. కానీ ఆయన ఫ్లాటులో రేపు ఉండబోయేది ఎవరో అద్దెవాళ్లే. ఆ రాబోయేవాళ్ల తరఫున మాట్లాడగలిగింది ఇప్పుడున్న అద్దెవాళ్లే తప్ప ఆయన కాదు. దీని మీద సెక్రటరీ గారికీ నాకూ ఇంకా పడలేదు.

ఇక ఓనరూ అద్దెవాడూ కాని కుటుంబం ఒకటుంది. ఇరవై నాలుగు గంటలూ బిల్డింగులోనే ఉండేది వాళ్లొక్కరే. ప్లానులో వాచ్‌మన్ గది సంపు పక్కన, ఏడడుగులకు ఎనిమిది, కిటికీ లేదు, బాత్రూము బయట. వాచ్‌మన్ భార్యను అడిగితే ముందు “మాదేముందమ్మా” అంది. మళ్లీ అడిగాను. తలుపు కార్ల వైపు కాకుండా పక్క సందులోకి పెట్టమంది, పొద్దున్నే బండ్లు స్టార్ట్ చేస్తే పొగంతా పిల్లల మీదికే వస్తోందట. బాత్రూము లోపలికి ఇస్తే రాత్రిళ్లు కూతురికి భయం ఉండదంది. రెండూ చేయాలంటే ఒక కారు పార్కింగు తగ్గుతుంది. ఓటింగు పెట్టాం. అవునన్నవాళ్లు అయిదుగురు, కాదన్నవాళ్లు ఆరుగురు. డల్లాస్ ఓనరు ఇంకా జవాబివ్వలేదు. ఆయన అవునంటే సరిసమానం, అప్పుడేం చేయాలో మా బైలాలో లేదు.